బసవయ్య పెట్టిన బొట్టు

“ఉయ్యూరు దాటామండీ,” అంది ఫోన్లో ఆవిడ. వెనకాల కండక్టరు ఎవరినో లోపలికి జరగమని అరుస్తున్నాడు. “పటమటలోనే కదండీ దిగాల, దిగితే గోడ కనపడుద్దా?” అంటే, అరవై అడుగుల గోడ కనపడకేమండీ, అన్నాను నేను. కాస్త పుల్లవిరుపుగానే అన్నాను. ఫోన్ పెట్టేశాక, ముఖమైనా చూడని మనిషి మీద ఆ విసురేమిటి రాజ్యశ్రీ అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఉయ్యూరు నుంచి ఇక్కడికి గంట. చెరుకు ట్రాక్టర్లు అడ్డం పడితే ఇంకో పది నిమిషాలు. ఆ గంటలో నేను తేల్చుకోవలసింది ఒక్కటే, గోడ మీద ఆ ముఖానికి బొట్టు పెట్టమనాలా, వద్దనాలా. బొట్టు పెడితే ఆవిడ మా అమ్మ రాఘవమ్మ. పెట్టకపోతే బస్సులో వస్తున్న ఎలిజబెత్ గారి అమ్మ. చిన్న చుక్క, రూపాయి బిళ్ళంత కూడా ఉండదు. ఆ చుక్క కోసం ఆదివారం పూట, కాఫీ అయినా తాగకుండా, రోడ్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒళ్ళో పటం పెట్టుకుని కూచున్నాను.

పరంజా మీద సంయుక్త అటూ ఇటూ తిరుగుతోంది, ప్యాంటు నిండా రంగులు, నోట్లో ఒక బ్రష్షు, చేతిలో ఒక బ్రష్షు. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఉప్పెన వచ్చి యాభై ఏళ్ళు కావస్తోందని ఎవరో సంఘం వాళ్ళు ఈ గోడ మీద బొమ్మ వెయ్యమంటే వేస్తోంది. డెబ్భై ఏడు నవంబరు పంతొమ్మిది, శనివారం. ఈ పిల్ల వాళ్ళమ్మకి అప్పటికి పెళ్ళీడు కాదు సరికదా, పలకా బలపం ఈడు కూడా ఉండి ఉండదు. అయినా ఎంత బాగా వేసిందో, నీళ్ళు, విరిగిన తాళ్ళు, బురద రంగు ఆకాశం, అన్నీ అయిపోయాయి. మధ్యలో తాటిచెట్టుని ఒక చేత్తో కావలించుకుని, నడుం లోతు నీళ్ళలో నిలబడ్డ ఆడమనిషి, రెండో చెయ్యి పైకెత్తి. అందరికీ తెలిసిన ఫొటోయే అది. ఏటా నవంబరు వచ్చిందంటే పేపర్లో పడేదే. ముఖం ఒక్కటే తెల్లగా వదిలేసి ఉంచింది సంయుక్త. “ఎదర బిల్డింగు దాటి ఎండ గోడమీదికి వచ్చేసరికి ఎనిమిదవుతుంది మేడమ్, ఎండ పడితే రంగులు ఆరిపోతాయి, కలవవు, ఈలోపు మీరు చెప్పేస్తే ముఖం అయిపోతుంది, రేపట్నుంచి నాకు వేరే పని ఉంది,” అంది పొద్దున్నే. చెప్పేస్తే అయిపోతుందట. నేను నలభై ఎనిమిదేళ్ళుగా ఆ ఫొటోలో ఆవిడ కూతుర్ని. స్కూల్లో సోషల్ టీచరుగా నాకు ఎంత పేరుందో తెలియదు గానీ, ఉప్పెన ఫొటోలో ఆవిడ కూతురుగా మాత్రం పటమటంతా తెలుసు. నవంబరులో విలేకరులు వస్తారు, గోడకున్న పటం కింద నన్ను నిలబెడతారు, కాస్త బాధగా చూడండి మేడమ్ అంటారు, నేను బాధగా చూస్తాను. పిల్లలకి తుపానుల పాఠం వచ్చినప్పుడు పుస్తకం మూసి, నేను చూసిన అల గురించి చెబుతాను. తాటిచెట్టంత ఎత్తు, నల్లగా, పడగ విప్పినట్టు. వెనక బెంచీ వాళ్ళు కూడా మాట్లాడకుండా వింటారు.

నేను అల చూడలేదు. ఈ మాట నాలో నేను అనుకోవడానికి కూడా ఇన్నాళ్ళు పట్టింది. ఆ శనివారం పొద్దున నాన్న నూలు కోసం బందరు వెళుతూ, నేను ఏడిస్తే నన్నూ చంకనేసుకున్నాడు. సాయంత్రానికి బస్సుల్లేవు, నూలు కొట్టాయన మేడమీద పడుకున్నాం. రాత్రంతా గాలి, రేకులు ఎగిరిపోయిన చప్పుడు. నాకు నిజంగా గుర్తున్నది ఆ చప్పుడూ, పచ్చి నూలు వాసనా, నాన్న నా చెవులు మూసిన చేతులూ, అంతే. మిగతాదంతా పేపర్లోంచి వచ్చిందే. అందుకే నా జ్ఞాపకంలో ఉప్పెన నలుపూ తెలుపూ. అందుకే దాన్ని నేను పైనుంచి చూస్తాను, హెలికాప్టర్లో కూచుని చూసినట్టు, నీళ్ళలో చుక్కల్లా పశువులు, ఇళ్ళ కప్పులు. ఏడేళ్ళ పిల్లని హెలికాప్టర్ ఎవరు ఎక్కించారే అని ఒక్కసారైనా అనుకోవద్దూ? అనుకోలేదు. మా ఇల్లు కూడా నాకు పైనుంచే కనిపిస్తుంది, లోపల ఏముందో కనపడదు.

పటం బరువుగా ఉంది. దీన్ని చుట్టడానికి ఇంట్లో మెత్తటి గుడ్డ వెంటనే కనపడక, అమ్మ సంవత్సరీకానికని కొన్న కొత్త చీర మడతలో పెట్టి తెచ్చాను. కొంగు తప్పిస్తే లోపల ముఖం, భుజాల దాకా. పచ్చచీర, ఎర్ర అంచు, మెడలో నల్లపూసలు, నుదుట ఇంతబొట్టు. బసవయ్య చేతి పని. వన్ టౌన్లో దేవుడి పటాలకి అద్దాలు కట్టే సందులో ఆయన కొట్టుండేది. పేపరు ముక్కలోంచి ఫొటో తీయించి, పెద్దది చేయించి, దానికి రంగులద్దేవాడు. ఉప్పెన తరవాత ఆయనకి ఊపిరాడనంత పని. మనుషులతో పాటు ఫొటోలు కూడా కొట్టుకుపోయాయి కదా. అన్న ఫొటో పోతే తమ్ముణ్ణి చూసి అన్నని వేసేవాడు, తల్లి లేకపోతే పిన్నిని కూచోబెట్టి ముక్కు కొంచెం పొడుగు చేసేవాడు. దివిసీమలో సగం ఇళ్ళల్లో గోడలకున్న పెద్దవాళ్ళంతా బసవయ్య చుట్టాలే. ఆ కొట్లో బల్ల మీద కూచుని నేను సోడా తాగాను, గోళీ లోపల తిరుగుతుంటే నవ్వాను కూడా. అమ్మ పోయిన ఆర్నెల్లకి సోడా తాగి నవ్విందే ఈ పిల్ల అని తరవాత ఎన్నోసార్లు నామీద నాకే కోపం వచ్చేది.

నామీదకన్నా ఎక్కువ కోపం ఆ ఫొటో తీసినాయన మీద. పేరు తెలియదు, పేపరు వాళ్ళూ వెయ్యలేదు. ఆవిడ చెయ్యి చాస్తోంది కదా, ఆకాశం వైపు, ఎవరైనా పట్టుకోండి అని. నువ్వు ఎదురుగా ఉన్నావు కదా. రెండు చేతులూ ఉన్నాయి కదా నీకు. కెమెరా పక్కన పెట్టి ఒక చెయ్యి ఇవ్వలేకపోయావా? పెళ్ళయిన కొత్తలో మా ఆయన, ఎవరి మీద ఈ సాధింపు, ఆయన బతికున్నాడో లేదో కూడా తెలియదు అంటే, నేను మూడ్రోజులు మాట్లాడలేదు. ఆ చెయ్యి ఎక్కడ పడితే అక్కడ కనపడేది మరి. పేపర్లో వేసిన ఫొటోలో అరచెయ్యి సగందాకానే ఉంది, పైన కత్తిరించేశారు. పోస్టర్లు వేసినవాళ్ళూ, కేలండర్లు వేసినవాళ్ళూ వేళ్ళు వాళ్ళే కలుపుకున్నారు, ఒకరు బిచ్చం అడుగుతున్నట్టు, ఒకరు దేవుణ్ణి పిలుస్తున్నట్టు. ఒక ఊళ్ళో సెంటర్లో సిమెంటు బొమ్మ కూడా పెట్టారు, దాని వేళ్ళ మధ్య కాకి కూచునుంటే రిక్షా దిగి తోలేసి వచ్చాను. రిక్షావాడు నన్ను అదోలా చూశాడు.

అసలు వేళ్ళు నిన్న సాయంత్రం చూశాను. సంయుక్త ఎక్కడెక్కడో వెతికి, ఆ పాత ఫొటో పూర్తిది, కత్తిరించనిది, సంపాదించింది. గుమ్మం అంత పెద్దది చేయించి ఇదుగో పరంజాకి కట్టింది. “మేడమ్, పైన చూడండి,” అంది. చూశాను. ఆ అరచేతిలో ఒక మడమ ఉంది. చిన్నపిల్ల మడమ, బురదతో. ఆ పైన తాటి కమ్మలు, కమ్మల్లో సగం కనపడీ కనపడకుండా ఒక పిక్క. ఆవిడ ఎవరినీ ఏమీ అడగడం లేదు. చెట్టుమీదున్న పిల్ల జారిపోకుండా కింద అరచెయ్యి పెట్టి నిలబడింది. దేశమంతా చూసిన ఆ చెయ్యి, పేపరు వాళ్ళకి చోటు చాలక కత్తిరించిన ఆ రెండంగుళాలు. సంయుక్త గొంతు తగ్గించి, “నాగాయలంక నుంచి ఒకావిడ ఫోన్ చేశారు మేడమ్, ఎలిజబెత్ గారట, అంగన్వాడీలో ఆయా అట, గోడ గురించి పేపర్లో చదివారట. పూర్తి ఫొటో దొరికితే పైన నా కాలుండాలి చూడమ్మా అన్నారు. నేను ఇంకా ఎవరికీ చూపించలేదు మేడమ్ ఈ ఫొటో,” అంది. నేను ఏమన్నానంటే, అలా చాలామంది అంటూ ఉంటారమ్మా, అన్నాను. సోషల్ టీచర్ని. రాత్రంతా, కాలు ఎవరిదైనా కావచ్చు, అమ్మ పక్కింటి పిల్లని ఎక్కించి ఉండవచ్చు, అమ్మ అలాంటిదే, అని నాకు నేనే సాక్ష్యాలు చెప్పుకున్నాను. అమ్మ అలాంటిదని నీకెలా తెలుసే అంటే, ఆ ఫొటో చూసి తెలుసు.

“కంకిపాడండీ,” అని మెసేజి. మర్యాద చూడు, ఊరూరికీ చెబుతోంది.

ఇందాకటి నుంచీ నేను చూస్తున్నది మడమని కాదు, చీరని. నీళ్ళలో తడిసి ఒంటికి అంటుకుపోయిన చీర మీద పూలున్నాయి. చిన్నవి, అయిదేసి రేకులు, అన్నీ ఒకేలా, వరసగా, అచ్చు వేసిన పూలు. మిల్లు చీర. చేనేత ఇంటి పిల్లని నేను, గజం దూరం నుంచి చెప్పగలను. మా ఇంట్లో మిల్లు గుడ్డ గడప దాటి వచ్చేది కాదు. నాన్న పేరు పాండురంగయ్య అయితే ఊళ్ళో వాళ్ళు మడికట్టు పాండురంగయ్య అనేవాళ్ళు, తిండి విషయంలో కాదు, గుడ్డ విషయంలో. తను నేసింది తప్ప అమ్మ వేరే చీర కట్టి ఎరగదు. మరి నాన్న ఈ ఫొటో చూశాడు కదా. చూశాడా? చూశాడు. హైస్కూల్లో పెట్టిన శిబిరం. అటుకులు పేపర్లో పొట్లం కట్టి ఇచ్చారు. అటుకులు తినేసి పేపరు విప్పితే ఆవిడ. అమ్మ, అన్నాను నేను. నాన్నా ఇదుగో అమ్మ, అని అరిచాను, చుట్టూ ఉన్నవాళ్ళు మూగారు, ఎవరో నన్ను ఎత్తుకున్నారు, అదృష్టవంతురాలివే మీ అమ్మ పేపర్లో పడింది అని ఏడ్చారు. నాన్న ఆ కాగితం తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో మెల్లగా రుద్దాడు. ముఖం మీద కాదు, చీర మీద. గుడ్డ నాణ్యం చూసేటప్పుడు రుద్దినట్టు. ఆ వేలు నాకు ఎంత బాగా కనపడుతోందో ఇప్పుడు, గోరు పక్కన మగ్గం నాడె తగిలిన పాత మచ్చతో సహా. రుద్ది, నా వంక చూసి, ఊ అన్నాడు.

ఊ అన్నాడు, అప్పటికే ఆయన తల తడిగా ఉంది. నేనెప్పుడూ దీన్ని తిరగేసి గుర్తుపెట్టుకున్నాను, ముందు నేను పేపరు చూపించాను, అప్పుడు నాన్న ఊళ్ళోకి వెతకడానికి వెళ్ళాడు, ఆలస్యమైపోయింది అని. కాదు. నాన్న ముందే వెళ్ళి వచ్చాడు. రెండు రోజులు ఊళ్ళో ఉండి వచ్చి, శిబిరం నూతి దగ్గర తలమీంచి చేద తరవాత చేద పోసుకుంటుంటే నేను పక్కన నిలబడి లెక్కపెట్టాను, పదకొండు. ఆ తడి తలతోనే వచ్చి నా పక్కన కూచుని అటుకుల పొట్లం విప్పాడు. అంటే నేను అమ్మ అని చూపించేసరికి అమ్మని ఆయన తన చేతులతో సాగనంపి వచ్చాడు. తెలిసే ఊ అన్నాడు. అమ్మ లేదు అని చెప్పాల్సిన నోటితో ఊ అన్నాడు, ఆ ఒక్క అక్షరంతో నాకు ఒక అమ్మ ముఖాన్ని ఇచ్చేశాడు. నాకు ఇప్పుడు ఏడుపొస్తోంది, రోడ్డు మీద ఆటోలవాళ్ళు చూస్తున్నారు, చూడనీ.

ఆ తరవాత బసవయ్య కొట్లో జరిగింది నేను సోడా ధ్యాసలో విని వదిలేసినదంతా ఇప్పుడు వచ్చి పక్కన కూచుంటోంది. చీర మీద ఆ పూలు తీసెయ్యండి, పచ్చరంగు వేసి ఎర్ర అంచు పెట్టండి, అన్నాడు నాన్న. తను నేసిన చీర రంగులు చెబుతున్నాడు. పెద్దయ్యాక నేను అల చూశానని చెప్పినంత ధీమాగా, అమ్మ ఆ రోజు పచ్చచీర కట్టుకుంది అని ఎన్నిసార్లు చెప్పానో. అది బసవయ్య కుంచెలోంచి వచ్చిన పచ్చ. “ముఖం మాత్రం ముట్టుకోకండి, ఎలా ఉందో అలా ఉండనీండి,” అన్నాడు నాన్న. నెల తరవాత వెళితే ముఖాన బొట్టు, మెడలో నల్లపూసలు. “అదేంటండీ, ముత్తయిదువగా పోయినావిడ, బోసి నుదురుతో ఎట్టా పంపిస్తానండీ పటాన్ని, నీళ్ళకి చెరిగిపోయుంటది,” అని బసవయ్య తన మంచితనానికి తనే మురిసిపోతూ నవ్వాడు. నాన్న వేలు తడి చేసుకుని ఆ బొట్టు తుడవబోయాడు. ఆయిల్ రంగు, ఆరిపోయింది, పోలేదు. అద్దం కట్టించుకుని వచ్చేశాం. ఎవరి తల్లినో తెచ్చి నా కూతురికి తల్లిని చేస్తున్నాను, ముఖమైనా ఆవిడది ఆవిడకి ఉంచుదామనుకుని ఉంటాడు. అదీ జరగలేదు. అందుకే బస్సులో పెదన దాకా కిటికీ వైపు తిరిగే కూచున్నాడు.

పెదనలో చుట్టాల ఇంట్లో మగ్గం వేసుకున్నాం. ఏటా సంవత్సరీకానికి నాన్న రెండు చీరలు నేసేవాడు. రెండు ఎందుకు నాన్నా అంటే ఊరుకో అనేవాడు. ఒకటి పటం ముందు పెట్టేవాడు, అది పూల బుటాల చీర. సాదా నేత మనిషి, బుటాలు ఆయన పని కాదు, ఎవరి దగ్గరో నేర్చుకుని, నెల ముందు నుంచీ కళ్ళు పోయేలా కూచుని నేసేవాడు. రెండోది పచ్చది, ఎర్ర అంచుది, మూల పెట్టిన రాట్నం మీద పెట్టేవాడు. కొత్త రాట్నమే అది, అమ్మ దాన్ని ముట్టుకోనైనా లేదు. నేను మాత్రం నాన్నకి చాదస్తం అనుకున్నాను. పూల చీర ఆవిడకి, నాయనా. ఆవిడ పూలు ఆవిడకి తిరిగి ఇచ్చేవాడు ఏడాదికొకసారి. రాట్నం మీదది అమ్మకి. ఇద్దరికీ అన్యాయం చెయ్యలేదు ఆయన. అన్యాయం నేను చేశాను, ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది, ఈ తొమ్మిదేళ్ళూ పటం ముందు ఒకటే పెట్టాను, రెండో చీర దండగని మానేశాను. రాట్నం మంచం కింద ఉంది, దానిమీద పాత దినపత్రికలు. ఇదుగో ఈ ఒళ్ళో చీర కూడా అలవాటు కొద్దీ పూలదే కొన్నాను.

పెనమలూరు అని మెసేజి వచ్చి ఎంతసేపయిందో చూసుకోలేదు. ఎదుటి బిల్డింగు నీడ గోడ మీద ఎత్తిన చేతి దాకా దిగింది, పైన తాటి కమ్మలకి ఎండ తగులుతోంది. సరే, ఈ ముఖం వెళ్ళిపోతుంది. నాకేం మిగులుతుంది? భయం అదే కదా, ఎలిజబెత్ మీద విసురు అందుకే కదా. నలభై ఎనిమిదేళ్ళుగా అమ్మా అంటే ఈ ముఖమే వచ్చేది, దీన్ని ఇచ్చేస్తే పిలిచినప్పుడు ఎవరొస్తారు? కళ్ళు మూసుకున్నాను. ఈ ముఖం వచ్చింది, బొట్టుతో సహా. ఉండనిచ్చాను. మీరెవరో మా అమ్మ కాదండీ అని మర్యాదగానే అన్నాను. మెల్లిగా పచ్చరంగు పోయింది, నల్లపూసలు పోయాయి, కాసేపు ఏమీ లేదు, లారీ హారను, టీ బండి దగ్గర గ్లాసుల చప్పుడు. అప్పుడు గంజి వాసన వచ్చింది. నూలుకి పెట్టే పుల్ల గంజి. తరవాత కిర్రు కిర్రుమని రాట్నం. నేను వెనకాల ఉన్నాను. అవును, నేను ఎప్పుడూ వెనకాలే ఉండేదాన్ని. అమ్మ వెలుతురు కోసం గుమ్మం వైపు తిరిగి కూచుని నూలు కండెలు చుట్టేది, నేను వెనక నుంచి వీపు మీద పడి జుట్టు ముడి విప్పేసేదాన్ని, “వోసి నా తల్లో, నూలు తెగుద్దే,” అంటూ చేతులు ఖాళీ లేక భుజంతో నన్ను నెట్టేది, నెట్టినా కింద పడనంత మెత్తగా. మెడ మీద ముడి కింద పుట్టుమచ్చ, చెమటకి అంటుకున్న రెండు వెంట్రుకలు. ఆ పుట్టుమచ్చ ఏ పేపర్లోనూ పడలేదు, ఏ బసవయ్యా పెట్టలేదు. ఇన్నాళ్ళూ ఎదురుగా ఈ ముఖం నిలబడి ఉంటే, దాని వెనక అమ్మ గుమ్మం వైపు తిరిగి కండెలు చుట్టుకుంటూనే ఉంది.

“సంయుక్తా, బొట్టు వద్దమ్మా,” అన్నాను లేచి. ఆ పిల్ల బ్రష్షు నోట్లోంచి తీసి నా వంక చూసింది. “ఏం లేదు, నీళ్ళలో ఉన్న మనిషి ఎలా ఉందో అలాగే వెయ్యి. పైన పిల్ల కాలు కూడా వెయ్యి, చోటు చాలకపోతే ఆకాశం చెరిపి వెయ్యి.” “మరి మీరు మేడమ్?” అంది. అప్పుడే ఎవరో వెనకనుంచి, “టీచరమ్మగారేనా అండీ?” అన్నారు. పొట్టిగా, నా ఈడే, చేతిలో వెదురు బుట్ట, బుట్టలో ఏవో రొయ్యల వడియాలు, కుడికాలు కొంచెం ఈడుస్తూ నడుస్తోంది. నేను ఆవిడ ముఖం చూడాల్సింది పోయి మడమ వంక చూశాను. ఆవిడకి అర్థమై నవ్వింది. నేను చీర మడత విప్పి, పటం ఆవిడ చేతుల్లో పెట్టి, “ఇదుగోండి మీ అమ్మ. పొరపాటున మా ఇంట్లో ఉండిపోయింది. నన్ను క్షమించండి,” అన్నాను.

ఎలిజబెత్ పటం తీసుకుని, ముందు దానికున్న ఎండిన దండ తీసి బుట్టలో వేసింది. “బతికిన మనిషికి దండేంటండీ,” అంది. నాకు వెంటనే తెలియలేదు. “మా అమ్మ సావలేదండీ అప్పుడు. సువార్తమ్మ అంటే మా పేటలో తెలియనోళ్ళు లేరు. ఆ తరవాత ఇద్దర్ని కన్నది, కోడళ్ళ మీద అజమాయిషీ చేసింది, ముప్పై ఏళ్ళు బతికింది.” “మరి ఆ ఫొటో తీసినాయన?” అన్నాను, అదే ముందు నోటికొచ్చింది. “ఆయనే కదండీ పడవ తెచ్చింది. ఒక్కటే బొమ్మ తీసి, అమ్మా గట్టిగా పట్టుకో అని అరుచుకుంటా పీకల్లోతు నీళ్ళల్లో పడి ఎల్లి, పడవోళ్ళని తీసుకొచ్చాడు. నా కాలు అప్పుడే ఇరిగింది. మా ప్రార్థనలో ఇప్పటికీ ఆయన్ని తలుస్తాం, పేరు తెలవదు గానీ.” నేను ఎన్నేళ్ళు ఆయన్ని తిట్టానో ఆవిడ అన్నేళ్ళు ఆయన కోసం ప్రార్థన చేసింది.

“ఉప్పెనకి ఇరవై అయిదేళ్ళప్పుడు పేపర్లో మీ బొమ్మ పడిందండీ, ఎనకాల గోడకి మా అమ్మ, దండేసి, బొట్టు పెట్టి. తీసుకెళ్ళి చూపించా. నవ్వీ నవ్వీ పొలమారింది అమ్మకి. ఈ పిల్లెవరే నన్ను అప్పుడే పటం ఎక్కించేసింది, అయినా బొట్టు బానే ఉందే నాకు, అంది. ఆళ్ళకి ఉత్తరం రాద్దామా అమ్మా అంటే, రాయమాకే, ఆ పిల్లకి అమ్మంటే అదొక్కటే ఉన్నట్టుంది, తీసెయ్యమాకు, నేను మీకు ఎటూ ఉన్నాగా, అంది. పోయేటప్పుడు కూడా చెప్పింది.” ఎలిజబెత్ కొంగుతో అద్దం తుడిచింది. “ఇప్పుడు కూడా చెప్పకపోదునండీ. గోడ మీద ఉప్పెనలో చనిపోయినోళ్ళ గుర్తుగా అని మా అమ్మ బొమ్మేస్తన్నారని ఇన్నా. బతికినామెని పట్టుకుని సచ్చిపోయిందని అంత పెద్ద గోడ మీద రాస్తే ఎట్టాగండీ? ఆ ఒక్కటీ మార్చమని వచ్చా. పటం మాత్రం మీదే. మా అమ్మ మీకిచ్చేసింది.” వద్దన్నాను, ఆవిడా వద్దంది, ఇద్దరం పటాన్ని అటూ ఇటూ నెట్టుకుంటుంటే టీ బండాయన నవ్వాడు. చివరికి పటం నా దగ్గరే ఉండేటట్టు, పూల చీర ఆవిడ తీసుకునేటట్టు ఒప్పందం కుదిరింది. చీర ఎందుకండీ అంటే, నా తరఫున కాదు, మా నాన్న ఏటా మీ అమ్మకి పెట్టే చీర, అన్నాను. ఆవిడ చీర ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నేను ఇప్పుడు ఇంకో చీర కొనాలి, పచ్చది, ఎర్ర అంచుది, మంచం కిందనుంచి రాట్నం తీసి తుడవాలి.

సంయుక్త పరంజా మీద నుంచి వంగి, “సువార్తమ్మ గారి పేరు రాస్తాను మేడమ్, కాపాడిన చెయ్యి అని రాస్తాను. పక్కన నాలుగడుగులు ఖాళీ ఉంది, పేర్లకని వదిలాను. మీ అమ్మగారిని కూడా వేస్తాను, ఆవిడ పోయారు కదా, గుర్తుండాలి కదా. ఫొటో ఏదైనా ఉందా?” అంది. లేదన్నాను. “ముఖం ఎలా ఉంటుందో చెబుతారా పోనీ?” గుర్తులేదమ్మా అన్నాను. అలా అనగలిగినందుకు నాకే ఆశ్చర్యం వేసింది, బాధ కలగలేదు. “వీపు వైపు నుంచి వెయ్యి. గుమ్మంలో వెలుతురుకి తిరిగి కూచుని రాట్నం మీద కండెలు చుట్టుకుంటోంది. వెనకాల ఒక పిల్ల ఉంది గానీ, ఆ పిల్లని వెయ్యక్కర్లేదు.” సంయుక్త బొగ్గు ముక్క తీసి గోడ మీద ఒక గీత గీసింది, వంగిన వీపు. ఎండ దాని దాకా ఇంకా రాలేదు. “ముడి ఎటు వైపు మేడమ్?” అంది. నా చేతి వేళ్ళు వాటంతట అవే కదిలాయి, జుట్టులో తిరిగినట్టు. “ఎడమ వైపు, కొంచెం జారి ఉంటుంది. దాని కిందే పుట్టుమచ్చ,” అన్నాను, ఏ పటమూ చూడకుండా.